రసపట్టులో తక్కెడ కూడదు

మా నాయన వంటింటి గడప దగ్గరికి వచ్చి నిలబడేవాడు. నోరు తెరిచి ఏమీ అడిగేవాడు కాదు. ఒక చెయ్యి ద్వారబంధానికి ఆనించి, పొయ్యి దిక్కు చూస్తా నిలబడేవాడు, అంతే. అమ్మ వెనక్కి తిరక్కుండానే, తెడ్డుతో సంగటి కెలుకుతా, గొంతు కొంచెం సాగదీసి అనేది: "నరుడా! ఏమి నీ కోరిక?"

నాయన మీసాల కింద నవ్వు కదిలేది. "టీ" అనేవాడు.

మా పక్క పాతకాలం ఆడవాళ్ళు మొగుణ్ణి పేరు పెట్టి పిలవరు. "ఏమండీ" అనే అలవాటు మా ఇళ్ళల్లో లేదు. "ఇదో", "వింటివా" అంటూ గోడకు చెప్పినట్టు చెప్పడమే. కొత్తకోడలిగా వచ్చిన అమ్మ, ఆయన్ని ఏమని పిలవాలో తెలియక నెలల తరబడి అవస్థ పడిందట. ఒకరోజు ఆయన ఇట్లాగే గడపలో నిలబడితే ఆ మాట నోట్లోంచి జారిపోయింది. పక్కనే శెనక్కాయలు వలుస్తున్న అత్త ఏమనుకుంటుందోనని నాలిక కరుచుకుంది. అత్త, అంటే మా జేజి, తల ఎత్తకుండానే "అడుగుతాంది గదరా, చెప్పు" అంది. ఆ రోజుతో అమ్మకు పిలుపు దొరికింది.

ఆ మాట పాతాళభైరవిలోది. 1951లో వచ్చిన సినిమా. తోటరాముడు తలుచుకున్నప్పుడల్లా పాతాళభైరవిగా గిరిజ ప్రత్యక్షమై అడిగే మాట. అమ్మ ఆ సినిమాను తాడిపత్రిలో హాల్లో కూర్చుని చూసింది. జేజి మాత్రం చూళ్ళేదు. విన్నది. మా ఇంట్లో తిరిగే సినిమా మాటల్లో సగానికి పైగా జేజి చెవుల గుండా వచ్చినవే కాబట్టి ఆ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి.

జేజి కాపురం చేసింది తాడిపత్రికి నాలుగైదు మైళ్ళ దూరంలో, పెన్న ఒడ్డున ఉన్న ఒక పల్లెలో. పంట ఇళ్ళకు చేరి కల్లాలు ఖాళీ అయినాక డేరా సినిమా వచ్చేది. మా ఇంటి వెనక కల్లంలోనే గుంజలు పాతేవాళ్ళు. నేల, బెంచి, కుర్చీ. ఘంటసాల గొంతులో 'నమో వేంకటేశా' మైకులో పడిందంటే ఆట మొదలవుతుందని లెక్క. వంటలు చేసేవాళ్ళు పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగి పరుగెత్తేవాళ్ళు. ఒకటే ప్రొజెక్టరు కాబట్టి రీలు మార్చినప్పుడల్లా దీపాలు వెలిగేవి, జనం దగ్గేవాళ్ళు, పిల్లలు ఏడ్చేవాళ్ళు, మళ్ళీ చీకటి పడేది.

జేజి పోయేదానికి లేదు. అత్త ఒప్పుకోదు. చంకలో నెలల బిడ్డగా మా నాయన. పొద్దున నాలుగింటికి లేచి ఎనుముకు కుడితి పెట్టాలి. అందుకని రాత్రి గిన్నెలు కడిగి, మట్టిమిద్దె ఎక్కి, గవాచి పక్కన చాప పరుచుకుని, బిడ్డకు పాలిస్తా వినేది. రోజూ రెండు ఆటలు. డేరా గుడ్డ మీద లోపలి వెలుతురు అటూ ఇటూ మసలడం, అదొక్కటే ఆమె చూసిన బొమ్మ. మిగతాదంతా చెవులతోనే. ఒక సినిమా వారం ఆడితే పద్నాలుగు సార్లు వినేది. చదువు లేని మనిషి. వేలిముద్ర వేసేది. కానీ ఘటోత్కచుడు ఏమన్నాడో, చినమయ ఏమన్నాడో, శకుని ఏమన్నాడో వరసగా చెప్పేది.

గాలి మటుకు ఆమె చేతిలో లేదు. డేరా వైపు నుంచి గాలి వీస్తే ప్రతి అక్షరమూ వినపడేది. గాలి తిరిగితే మాటలు పెన్న మీదికి కొట్టుకుపోయేవి. అప్పుడు అక్కడక్కడా ఖాళీలు. ఆ ఖాళీల్లో జేజి తన మాటలు వేసి పూడ్చుకుంది. మాయాబజార్ గురించి ఆమెకు శానా ఏళ్ళు ఒక అనుమానం ఉండేది. పద్నాలుగు సార్లు విన్నా పాండవుల మాట ఒక్కటీ తనకు వినపడలేదని, వాళ్ళు మాట్లాడేటప్పుడే గాలి తిరిగిపోతాందని అనుకుండేది. ఆ సినిమాలో పాండవులు అసలు కనిపించరు, వాళ్ళ ఊసు తప్ప మనుషులు రారు అని ఎవరూ ఆమెకు చెప్పలేదు.

కృష్ణుడు "రసపట్టులో తర్కం కూడదు" అంటాడు ఆ సినిమాలో. జేజికి తర్కం అనే మాట తెలియదు. తక్కెడ తెలుసు. ఆమె చెవిలో అది "రసపట్టులో తక్కెడ కూడదు" అని పడింది. అట్లనే ఉండిపోయింది. మాకు కథ చెప్పేటప్పుడు "రాక్షసుడు సముద్రం ఎట్ల దాటినాడు జేజీ, ఈత వచ్చా?" అని అడ్డం పడితే వేలు చూపించి ఆ మాట అనేది. ఒకసారి నేను పట్టుబట్టి అడిగినా, తక్కెడ ఎందుకొచ్చింది మధ్యలో అని.

"చూడు సామీ, ఓళిగ తినేటప్పుడు ఎంత తింటివని తూకమేస్తారా ఎవరన్నా? నెయ్యి కారతాంటే నాకల్ల గాని. కత గూడా అంతే. తక్కెడ పక్కన పెట్టి వినల్ల."

ఉగాది రోజు ఓళిగల దగ్గర, పెళ్ళిలో పెట్టుపోతల దగ్గర, అన్నదమ్ములు చేను పంచుకునేటప్పుడు మా పెద్దనాయన గజం బద్దతో కొలవబోతే అక్కడ కూడా జేజి ఆ మాటే అన్నది. పెద్దనాయన బద్ద కింద పెట్టేశాడు. గట్టు ఇప్పటికీ వంకరగానే ఉంది, ఆ గట్టు మీద ఎవరూ కొట్లాడలేదు.

మాయాబజార్ నుంచే మా ఇంటికి వీరతాడు వచ్చింది. ఎస్వీ రంగారావు ఘటోత్కచుడుగా, కొత్తమాట పుట్టించిన శిష్యుణ్ణి మెచ్చుకుని వీరతాడు వేయమంటాడు. మాటలు రాసిన పింగళి నాగేంద్రరావు అట్లా ఎన్ని మాటలు పుట్టించాడో! దుష్టచతుష్టయం, అసమదీయులు, తసమదీయులు. జేజి నోట్లో ఆ సంగతి ఇట్లయింది: "ఎవురూ పుట్టించకుంటే మాటలు యాడ పుడతాయి? వెయ్యండి వీనికొక వీరతాడు."

మాట అని ఊరుకునేది కాదు. నిజంగానే వేసేది. సాయంత్రం పంచలో కూర్చుని కనకాంబరాలు కట్టేది జేజి. అరటిదబ్బను నీళ్ళల్లో నానబెట్టి, గోటితో చీల్చి, సన్నటి నార తీసేది. ఎడమచేతి బొటనవేలికి నార చుట్టుకుని, రెండు పూలు ఇటు, రెండు పూలు అటు, ఒక ముడి. మాలో ఎవరైనా ఉన్నట్టుండి కొత్తమాట ఒకటి అంటే, కట్టడం ఆపి, పక్కన తడిగా ఉన్న నారపోగు ఒకటి తీసి మెడలో వేసి ముడేసేది. చల్లగా తగిలేది మెడకు. ఆరేకొద్దీ బిగుసుకుని గరగరలాడేది. అది తెగిపోయేదాకా తీసేవాళ్ళం కాదు. బడికి కూడా అట్లనే పోయేవాళ్ళం.

నాకు మొదటి వీరతాడు ఆరేళ్ళప్పుడు పడింది. నాయన పనిచేసేది బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో. తాడిపత్రి చుట్టూ అవే. నల్లటి నాపబండను మిషన్ కింద పెట్టి నీళ్ళు పోస్తా తిప్పుతారు. ఆ రోదకు మనిషి మాట మనిషికి వినపడదు. ఒకరోజు నాయనకు క్యారియర్ ఇచ్చి వచ్చి, "ఆ గర్రాయి మిషను పక్కన నాయన ఎట్లుంటాడు జేజీ" అన్నా. గర్రుమనే రాయి కదా, గర్రాయి. నేనేదో పుట్టించాలని అనలేదు. జేజి కళ్ళు పెద్దవి చేసి, "గర్రాయి! గర్రాయి!" అని రెండుసార్లు నోట్లో చప్పరించి, నార తీసింది. ఇప్పటికీ మా ఇంట్లో అది గర్రాయే. నాయన చెవులు కొంచెం మందమైనాయి ఈ వయసుకు. అమ్మ డాక్టరు దగ్గర కూడా "గర్రాయి దగ్గర పనిచేసినాడు సార్" అని చెప్పింది. డాక్టరుకు అర్థమైంది కూడా.

పదో తరగతిలో ఉన్నప్పుడు పేపర్లో ఒక వ్యాసం చదివి జేజికి వినిపించినా. పాతాళభైరవి, మాయాబజార్ రెండూ తీసిన కె.వి. రెడ్డి అసలు పేరు కదిరి వెంకటరెడ్డి, 1912లో పుట్టింది తాడిపత్రిలో అని. వాటిని తీయించిన విజయా సంస్థ నాగిరెడ్డిది కూడా పక్కనున్న కడప జిల్లానే అని. జేజి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మన తాడిపత్రిలోనా? బుగ్గ రామలింగేశ్వరుని గుడి ఉండే తాడిపత్రిలోనా?" అని అడిగింది, ఇంకో తాడిపత్రి ఉంటుందేమో అన్నట్టు. అవునంటే ఆమె మొహంలో వచ్చిన వెలుగు నేను మర్చిపోలేను. ఆ రోజు ఇంటికి వచ్చిన ప్రతి మనిషికీ చెప్పింది. కన్నుమూసిన చుట్టం పుణ్యలోకం నుంచి ఉత్తరం రాసినట్టు సంబరపడింది.

ఇంట్లోకి టీవీ వచ్చింది 1995లో. దూరదర్శన్‌లో మాయాబజార్ వేస్తారని తెలిసి, అందరికంటే ముందు జేజిని మంచం మీద కూర్చోబెట్టినాం. ఆమెకు ముప్పై ఏళ్ళ తర్వాత బొమ్మ చూసే యోగం పట్టిందని మా ఆరాటం. సినిమా మొదలైన కాసేపటికి తిరిగి చూస్తే కళ్ళు మూసుకుని ఉంది. నిద్రపోయిందనుకుని భుజం తట్టినా. "గమ్మునుండు, వింటాండా" అంది. పెదాలు కదులుతున్నాయి, ప్రతి మాటకూ ఒక క్షణం ముందే. ఘటోత్కచుడు వచ్చినప్పుడు ఒక్కసారి కళ్ళు తెరిచి, "ఈయప్పనా? బో నగుమొగం" అని మళ్ళీ మూసుకుంది. ఆమె మనసులో ఆయన భయంకరంగా ఉండేవాడట. పాండవులు లేనే లేరని కూడా ఆ రోజే తెలిసింది. "అయితే గాలిది తప్పు గాదు" అని గాలి మీది నింద తీసేసింది.

కృష్ణుడు ఆ మాట అనేదాకా నేను కాచుకుని ఉన్నా. "జేజీ, విన్యావా? తర్కం అంట, తక్కెడ కాదు" అన్నా.

"ఆయప్ప మాట ఆయప్పది. మన ఇంట్లో తక్కెడే."

నాయన గురించి ఇంకొకటి చెప్పాలి. 1993 ఎండాకాలంలో, లారీకి బండలెత్తుతుంటే ఒకటి జారి ఎడమకాలి మీద పడింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయినారు. నేను బడి నుంచి నేరుగా అక్కడికే పోయినా. తొమ్మిదేళ్ళు నాకు. గుడ్డంతా రక్తం. రెండు వేళ్ళు నలిగిపోయినాయి. కుట్లు వేసేదానికి నర్సు సామాను సర్దుతాంది. నాయన పళ్ళు బిగించి పైకప్పు చూస్తా పండుకున్నాడు. అమ్మ తలగడ పక్కన నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. నాయన ఏడిస్తే బాగుండనిపించింది నాకు. ఏడవడు, అరవడు, మాట్లాడడు. చెయ్యి పట్టుకున్నా. ఏమనాలో తెలియలేదు. తొమ్మిదేళ్ళవాడు తండ్రికి ఏమని ధైర్యం చెబుతాడు? నాకు జ్వరమొచ్చి సూది వేయించేటప్పుడు ఆయన నాకు చెప్పే మాట ఒకటే గుర్తొచ్చింది. నేపాళ మాంత్రికుడిది. వణుకుతా అన్నా:

"సాహసం శాయరా డింభకా."

నాయన కళ్ళు కిందికి దించి నన్ను చూశాడు. ఆ తర్వాత మెల్లగా తల తిప్పి అమ్మ దిక్కు చూస్తా, బిగించిన పళ్ళ మధ్య నుంచే పూర్తి చేశాడు: "రాజకుమారి లభిస్తుందిరా."

అమ్మ నోట్లో కొంగు తీసేసి, ఏడుపూ నవ్వూ కలిసి, ఆయన భుజం మీద ఒకటి చరిచింది. నర్సు కూడా నవ్వింది. నాయన అమ్మతో అంతటి మాట సొంతంగా ఎన్నడూ అనలేదు, అప్పుడూ ఇప్పుడూ. ఆ పూట ఎస్వీ రంగారావు గొంతు అరువు తెచ్చుకుని అన్నాడు.

బడిలో నా పక్కన కూర్చునే స్నేహితుడి సంగతి కూడా ఈ వరసలోదే. వాడిది ఊరి చివర వాడ. మేము ఆటలాడి దప్పికై ఎవరింటికైనా పోతే మాకు చెంబుతో నీళ్ళిచ్చేవాళ్ళు, వాడికి మాత్రం దోసిట్లో ఎత్తి పోసేవాళ్ళు. వాడు దోసిలి పట్టి తాగి, మూతి తుడుచుకుని, ఏమీ జరగనట్టు వచ్చేవాడు. నాకు అప్పుడు తప్పని తోచినా నోరు రాలేదు. ఆ చేతకానితనం నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మేం తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు వార్షికోత్సవానికి వాడు ఏకపాత్ర వేస్తానన్నాడు. దానవీరశూరకర్ణలో దుర్యోధనుడు. ఎన్టీఆర్ 1977 సంక్రాంతికి విడుదల చేసిన సినిమా, కొండవీటి వెంకటకవి రాసిన మాటలు. ఆ మాటల క్యాసెట్టు మా ఊళ్ళో పందిళ్ళలో, టీకొట్లలో పాటలతో సమానంగా మోగేది. వాడు ఒక టైలరు అంగడి ముందు అరుగు మీద కూర్చుని నెలరోజులు విని నేర్చుకున్నాడు. అట్టముక్కతో కిరీటం, దాని మీద సిగరెట్టు పెట్టెల్లోని వెండికాగితాలు. కర్రకు చెంబు గుచ్చి రంగేస్తే గద. ఆ కాగితాలు ఏరింది నేను, బస్టాండు చుట్టూ తిరిగి.

స్టేజి మీదికి వచ్చి గద నేలకు ఆనించి వాడు మొదలుపెట్టాడు. "ఆచార్యదేవా! ఏమంటివి, ఏమంటివి? జాతి నెపమున సూతసుతునకిందు నిలువ అర్హత లేదందువా?" అంతవరకు గోల చేస్తున్న జనం ఆగిపోయినారు. "ఇది క్షాత్రపరీక్షయే గాని క్షత్రియపరీక్ష కాదే!" అన్నప్పుడు వాడి గొంతు పగిలింది. సినిమాలో గొంతు పగలదు. వాడికి పగిలింది. ముందు వరసలో, వాడికి దోసిట్లో నీళ్ళు పోసిన ఇళ్ళ పెద్దలు కూర్చుని ఉన్నారు. ఆ మాటలు వాడు సొంతంగా అని ఉంటే ఆ రాత్రి వాడి ఇంటికి మనుషులు పోయేవాళ్ళు. దుర్యోధనుడు అన్నాడు కాబట్టి చప్పట్లు కొట్టినారు. కొడతా కొడతా కొందరు తల దించుకోవడం నేను చూసినా. ఆ తర్వాత గ్రౌండులో ఎవడైనా వాణ్ణి కులం పేరెత్తి పిలిస్తే, వాడు గద లేకుండానే నడుం మీద చేయి పెట్టి "ఏమంటివి, ఏమంటివి?" అనేవాడు. ఎదుటివాడి దగ్గర జవాబు ఉండేది కాదు. ఇప్పుడు వాడు గుంతకల్లులో టీచరు. ఫోన్ తీస్తే మొదటి మాట ఇప్పటికీ అదే.

చిన్న చిన్నవి ఎన్నో ఉన్నాయి. కూరగాయల అంగట్లో తూకం తగ్గితే అమ్మ అనే "మోసం గురూ". పొద్దుగూకేటప్పుడు ఎర్రబడిన ఆకాశాన్ని చూసి మా లెక్కల సారు అనే "ఆకాశంలో మర్డరు జరిగినట్టు లేదూ". అది ముత్యాలముగ్గులో రావు గోపాలరావు మాట. గోదావరి యాస ఎట్లుంటుందో మా సీమపిల్లలకు ఆ సినిమా వల్లే మొదట తెలిసింది. "మడిసన్నాక కూసింత కలాపోసనుండాల" అని మేమనేవాళ్ళం గాని, అనేటప్పుడు నాలిక కొత్త చెప్పులేసుకున్నట్టుండేది.

ఇక ఇంట్లోకి రాని మాటల గురించి.

1999 నుంచి కొన్నేళ్ళు సీమ పేరుతో వరసగా సినిమాలొచ్చాయి. సుమోలు, కత్తులు, తొడగొట్టడాలు. 2002లో 'ఆది' వచ్చినప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు. సెలవులకు పల్లెకు పోతే మా చిన్నాయన పిల్లలు మిద్దె మీద వరసగా నిలబడి తొడలు చరుస్తా "అమ్మతోడు, అడ్డంగా నరికేస్తా" అని అరుస్తున్నారు. నేను కూడా కలిసినా. కింద పంచలో జేజి శెనక్కాయలు వలుస్తాంది. పటపటమని ఆగకుండా వచ్చే చప్పుడు ఆగిపోయింది. మిద్దె అంచు నుంచి వంగి చూస్తే, చేతిలో ఒక కాయ పట్టుకుని అట్లనే కూర్చుని ఉంది. పగలగొట్టలేదు, కింద పెట్టలేదు.

"దిగి రాండి" అంది. దిగి వచ్చినాం. "ఆ మాట ఈ ఇంట్లో వద్దు సామీ."

జేజి తమ్ముడు ఒకరోజు చేనికి పోయి తిరిగి రాలేదు. మేము పుట్టకముందు సంగతి. ఎవరు, ఎందుకు అనేది ఆమె ఎప్పుడూ చెప్పలేదు. మా జిల్లాల్లో అట్లాంటివి జరిగినాయి, కాదనను. జరిగిన ఇళ్ళల్లో ఎవరూ తొడగొట్టరు. పసుపుకుంకాలు పోయిన ఆడవాళ్ళు, చదువు మానేసిన పిల్లలు, బీడు పడిన చేలు. మాటలు పుట్టిస్తే వీరతాడు వేసిన మనిషి, ఈ ఒక్క మాటను గడప దాటనివ్వలేదు.

ఆ ఏడాదే హైదరాబాదుకు చదువుకు పోయినా. హాస్టల్లో మొదటి రాత్రి ఊరడిగినారు. అనంతపురం జిల్లా అన్నా. "అయితే తొడగొట్టు" అన్నారు. చుట్టూ పదిమంది. సరదాకే అడిగినారు, పగతో కాదు. నాకు జేజి చేతిలో పగలని శెనక్కాయ కనపడింది. కొట్టనన్నా. ఎందుకన్నారు. చెప్పలేకపోయినా. ఆ తర్వాత చాలా నెలలు నన్ను చూస్తే "బాంబులు తెచ్చినావా" అని అడిగేవాళ్ళు. నాకు బాధేసేది. మా మాటంటే కేకలే అనుకున్నారు వాళ్ళు. పసిబిడ్డను "సామీ" అని పిలిచే ఊరు మాది. తిన్యావా, ఎట్లుండావు, పోయి రా సామీ, ఇట్లాంటివే కదా మేం రోజంతా అనేవి. వాటిని ఏ సినిమాలోనూ వాళ్ళు వినలేదు.

ఒక రాత్రి మెస్సులో పులుసు బాగుందని, ఎంత తిన్నావని శ్రీకాకుళం నుంచి వచ్చిన రూమ్మేటు నా కంచం దిక్కు చూసి అడిగితే, ఆలోచించకుండా "రసపట్టులో తక్కెడ కూడదు" అన్నా. వాడు ముద్ద ఆపి, "తర్కం కదా?" అన్నాడు. అప్పుడు జేజి సంగతి మొత్తం చెప్పినా. మిద్దె, గాలి, పాండవులు, తమ్ముడు, అన్నీ. వాడు అన్నం ఎండిపోయేదాకా విన్నాడు. తెల్లారి నుంచి మా గదిలో బాంబుల మాట లేదు. తక్కెడ మాత్రం ఉండిపోయింది. వాడు ఇప్పుడు విశాఖపట్నంలో ఉంటాడు. వాడి ఇంట్లో కూడా తక్కెడే అంటారని వాడి భార్య చెప్పింది.

2021లో 'పుష్ప' వచ్చినప్పుడు నేను హాల్లో కూర్చుని కదిలిపోయినా. కథ సంగతి వేరే. "తగ్గేదేలే", "ఫ్లవర్ అనుకుంటివా" అని హీరో అంటున్నాడు. అనుకుంటివా! చిత్తూరు యాసే గాని, ఆ "టివా" మా ఇంటిది కూడా. మా పక్క ఆడవాళ్ళు మొగుళ్ళను పిలిచే "వింటివా" లోది. దేశమంతా ఆ యాసను ఇష్టంగా అనుకరించడం చూసి, జేజి ఉంటే ఏమనేదో అని ఎంత తలుచుకున్నానో. ఆమె 2009లో పోయింది.

మొన్న సంక్రాంతికి తాడిపత్రికి పోయినాం. మధ్యాహ్నం మిద్దె మీద అప్పడాలు ఎండబెట్టి ఉంటే, నా బిడ్డ, ఎనిమిదేళ్ళది, చెప్పులు లేకుండా పైకి పోయింది. మిద్దెకు పరిచింది నల్లబండలు, నాయన ఫ్యాక్టరీవే. ఒక్క గంతులో మెట్లు దిగి వచ్చి, రెండు పాదాలూ పంచలోని చల్లటి గచ్చు మీద రుద్దుకుంటా, "తాతా, పైన బజ్జెండ!" అంది.

"ఏందది?" అన్నాడు నాయన, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

"బజ్జెండ తాతా. కాళ్ళు బజ్జీ అయ్యే ఎండ."

నాయన నవ్వలేదు. కుర్చీలోంచి లేచినాడు. ఎడమకాలు కొంచెం ఈడుస్తా లోపలికి పోయి ఫ్రిజ్ తీశాడు. పూలపొట్లం విప్పి చూశాడు. ఇప్పుడు పూలు దారంతో కట్టి అమ్ముతున్నారు. పొట్లం అట్లనే పెట్టేసి, పెరట్లోకి పోయినాడు. మూలనున్న అరటిచెట్టు దగ్గర వంగి, ఎండిన దబ్బ ఒకటి లాగి, కుళాయి కింద తడిపి, గోటితో చీల్చడం మొదలుపెట్టాడు. రెండుసార్లు తెగింది. మూడోది పొడుగ్గా వచ్చింది. అమ్మ వంటింటి గడపలోకి వచ్చి నిలబడింది. ఏమీ అనలేదు.

తడినార పట్టుకుని వచ్చి, బిడ్డ మెడలో వేసి, ఆ మొద్దువేళ్ళతోనే ముడేశాడు. "ఎవురూ పుట్టించకుంటే మాటలు యాడ పుడతాయి" అన్నాడు. అచ్చం జేజి గొంతు.

బిడ్డ నారను పట్టుకుని చూసుకుంది. "దీన్ని ఏం చేయల్ల తాతా?"

"ఏం చేయొద్దు. తెగేదాకా ఉండనీ."